మేడలు మొలిచిన మ్యాపు

బెంగళూరులో ఏ క్యాబ్ ఎక్కినా డ్రైవరు ముందు ఫోను, ఆ ఫోనులో వెనక్కి వాలిన మ్యాపు. మన బండి ఒక నీలం బాణమై అడుగున ఉంటుంది. రోడ్డు పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. అటూ ఇటూ బూడిదరంగు పెట్టెలు, అవే మేడలు. ఎవరిని అడిగినా “ఇదే బాగుంటుంది, ఎదురుగా చూస్తున్నట్టే ఉంటుంది” అంటారు. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలైతే చదును మ్యాపును పాతకాలపు సరుకు కింద జమకడతారు.

నేను ఒప్పుకోను. మ్యాపు తెరిచి మనం చేసే పనుల్లో చాలావాటికి చదును మ్యాపే మేలు. 3డీ మ్యాపు కంటికి ఇంపుగా ఉంటుంది గానీ పని దగ్గరికొచ్చేసరికి తడబడేలా చేస్తుంది. దీనికంటే కోపం తెప్పించేది ఇంకోటుంది. ఈ ఊళ్లో మనల్ని నిజంగా అవస్థ పెట్టే ఎత్తుపల్లాలు ఆ 3డీ మ్యాపుల్లో దాదాపు కనబడవు. మేడల ఎత్తు చూపిస్తారు, నేల ఎత్తు చూపించరు.

నా జీతం మ్యాపుల మీదే వస్తుంది. ఉపగ్రహ చిత్రం ముందు కూర్చుని రోడ్డు అంచులు, ప్రహరీలు, చెరువుల గట్లు గీసే పని. ఊరు అనంతపురం వైపు, కాపురం మారతహళ్ళి వెనక మున్నేకొళాలలో. ఆ పేటలో తెలుగు వినబడని సందు వెతకాలంటే కష్టం. కాబట్టి ఈ గొడవ నాకు ఆఫీసులోనూ ఉంది, ఇంటి గేటు దగ్గరా ఉంది.

గేటు దగ్గరి సంగతే ముందు చెబుతా. మా వీధిలో నాలుగైదంతస్తుల పీజీ హాస్టళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వాటి మధ్యలోంచి ఒక బైకు మాత్రమే పట్టే సందు ఉంది. మొన్న రాత్రి పార్సిల్ తెచ్చిన అబ్బాయి ఒకడు మా గేటు ముందు ఆగి, వెనక వీధిలో ఇంకో ఆర్డరు ఇవ్వడానికి దారి చూసుకుంటున్నాడు. పుంగనూరు కుర్రాడు. ఫోనులో మ్యాపు వాలి ఉంది, పీజీల పెట్టెలన్నీ వరసగా గోడ కట్టినట్టు నిలబడ్డాయి. వాడు రెండు వేళ్లు స్క్రీను మీద పెట్టి కిందికి లాగాడు. మేడలన్నీ నేలకు అణిగిపోయాయి. రెండు వరసల నడుమ సన్నటి తెల్ల గీత ఒకటి బయటపడింది.

“3డీ బాగుండదా?” అన్నా, ఊరికే కదిలిద్దామని.

“ఆ పెట్టెల్తో మనకేం పని సార్? సందు కనపడాల గదా” అని బండి తిప్పేశాడు.

ఆ కుర్రాడు అన్న మాటలో సగం శాస్త్రం ఉంది. పక్కవాటంగా చూసినప్పుడు ముందున్నది వెనకున్నదాన్ని కప్పేస్తుంది. అది మొదటి తంటా. రెండోది, వాలిన మ్యాపులో స్కేలు ఒక్కటే ఉండదు. స్క్రీను అడుగున వేలెడు జాగా వంద మీటర్లయితే, పైఅంచు దగ్గర అదే వేలెడు జాగా కిలోమీటరు కావచ్చు. తర్వాతి మలుపు ఎంత దూరమో కంటితో కొలిచే వీలు పోతుంది. అందుకే యాప్ నోటితో “మూడు వందల మీటర్ల తర్వాత ఎడమకు తిరగండి” అని చెప్పాల్సొస్తుంది. మూడోది కాస్త సూక్ష్మం. చదును స్క్రీను మీద వాలు బొమ్మ వేసినప్పుడు ఒక చుక్క మరో చుక్కకంటే పైన కనబడితే, అది దూరంగా ఉన్నందుకా, ఎత్తున ఉన్నందుకా అన్నది బొమ్మను బట్టి తేల్చలేం. మన మెదడు ఏదో ఒకటి ఊహించేసుకుని ముందుకు పోతుంది. ఊహించుకున్నట్టు మనకు తెలియను కూడా తెలియదు.

ఇది నా సొంత చాదస్తం అనుకోకండి. అమెరికా నౌకాదళం వాళ్ల తెరలు ఎలా ఉండాలన్న విషయం మీద పనిచేసిన మార్క్ సెయింట్ జాన్, హార్వీ స్మాల్‌మన్, ఇంకా వాళ్ల సహచరులు 2001లో ఒక పరిశోధన ప్రచురించారు. కొండలూ లోయలూ ఉన్న ఒకే నేలను కొందరికి చదునుగా, కొందరికి 3డీగా చూపించి రెండు రకాల ప్రశ్నలు వేశారు. ఒకటి, ఈ చోట నిలబడితే ఆ చోటు కనబడుతుందా? రెండు, ఈ రెండు చోట్లలో ఏది ఎత్తున ఉంది? మొదటి ప్రశ్నకు 3డీ చూసినవాళ్లు మెరుగు. రెండో ప్రశ్నకు చదును పటం చూసినవాళ్లు మెరుగు. ఎత్తు గురించి అడిగిన ప్రశ్నకు ఎత్తును లేపి చూపించిన బొమ్మ ఓడిపోయిందన్నమాట. దీన్ని చదివినప్పుడు నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

అంటే నేల ఆకారం ఎలా ఉందో ఒక్క చూపులో పట్టుకోవాలంటే 3డీ కావాలి. ఏది ఎక్కడుంది, దేనికి ఎంత దూరం, ఏది ఎత్తు, ఏది పల్లం అని ఖచ్చితంగా తేల్చాలంటే చదును పటం కావాలి. ఊళ్లో తిరిగే మనిషికి ఏ ప్రశ్నలు ఎక్కువ ఎదురవుతాయో మీరే చెప్పండి.

మరి అందరికీ 3డీ ఎందుకు నచ్చుతుంది? స్మాల్‌మన్, సెయింట్ జాన్ 2005లో దీనికీ జవాబు రాశారు. నిజంలాగా కనబడే బొమ్మను చూస్తే పని కూడా బాగా జరుగుతుందని మనిషి నమ్ముతాడు, ఆ నమ్మకానికి ఆధారం లేదని. ఆ తర్వాత మేరీ హెగార్టీ బృందం వాతావరణ పటాలతో ఇదే పరీక్షించింది. అక్కర్లేని సరంజామా, అంటే నేల ఆకృతులూ అదనపు రంగులూ, ఉన్న పటాలను చాలామంది ఇష్టపడ్డారు. వాటితో జవాబు చెప్పడానికి మాత్రం ఎక్కువసేపు పట్టింది. వచ్చినవాళ్లలో నౌకాదళంలో వాతావరణం చెప్పే అనుభవజ్ఞులూ ఉన్నారు. వాళ్ల ఇష్టమూ అటే మొగ్గింది. కాబట్టి “యూజర్లు 3డీ అడుగుతున్నారు” అని ఎవరైనా మీటింగులో చెబితే నేను ఒకటే అడుగుతాను: అడుగుతున్నారు సరే, దాంతో దారి తొందరగా దొరికిందా?

ఇక్కడ మా పెద్దనాన్న గురించి చెప్పాలి. సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. ఊళ్లో పొలం గట్ల తగాదా వస్తే ఇప్పటికీ ఆయన్నే పిలుస్తారు. ఎఫ్ఎంబీ, అంటే పొలం హద్దుల కొలతలుండే సర్వే కాగితం, చేతికిస్తే చాలు, గొలుసు ఎక్కణ్ణుంచి పట్టాలో చెప్పేస్తాడు. ఎఫ్ఎంబీ చూసినవాళ్లకు తెలుసు, అందులో గీతలూ అంకెలూ తప్ప ఏమీ ఉండవు. చెట్టు బొమ్మ లేదు, నీడ లేదు, ఎత్తు లేదు. గొలుసుకు నూరు లింకులు, మొత్తం అరవై ఆరడుగులు. ఆ లెక్కతోనే తరాల నుంచి మన పొలాలు నడుస్తున్నాయి.

మా బంధువుల గృహప్రవేశానికి సర్జాపుర రోడ్డు వైపు ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీకి వెళ్లాం. గేటు లోపల నిలువెత్తు బోర్డు. బిల్డర్ బ్రోచర్లో ఉండే బొమ్మే పెద్దది చేసి పెట్టారు. ఆకాశంలోంచి పక్కవాటంగా చూసినట్టు టవర్లు, పచ్చటి చెట్లు, నీలంగా మెరిసే స్విమ్మింగ్ పూల్. మూలన ‘మీరు ఇక్కడ ఉన్నారు’ అని ఎర్ర చుక్క. పెద్దనాన్న కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

“ఉత్తరం ఎటు రా దీంట్లో?”

ఉత్తరం గుర్తు లేదు. ఎనిమిదో టవరు మేము వెతుకుతున్నది. దాని ముందు ఐదో టవరు పెద్దగా నిలబడి, ఎనిమిదోదాని పైకప్పు మాత్రం కనబడేలా చేసింది. దాని గుమ్మం ఎటువైపో బొమ్మలో లేదు. పైగా బోర్డు తగిలించిన గోడ ఉత్తరం వైపు ముఖం పెట్టి ఉంది, బొమ్మేమో దక్షిణం నుంచి చూసినట్టు వేశారు. అంటే బోర్డులో కుడిపక్కన ఉన్నది మనకు నిజంగా… ఇలా చేత్తో గాల్లో తిప్పుకుంటూ ఉండగానే మా పెద్దమ్మ “ఆ పక్కన గుడి గోపురం ఉంది చూడండి, దాని ఎదురే అని చెప్పారు గదా, అదిగో గోపురం” అని నడక మొదలుపెట్టింది. గోపురం నిజంగానే కనబడుతోంది. ఆమె వెనకే పోయాం.

ఈ ముచ్చట 3డీకి అనుకూలంగా ఉందని నాకు తెలుసు, అందుకే దాచకుండా చెబుతున్నా. బొమ్మలో చూసిన వస్తువును ఎదుట చూసి గుర్తుపట్టాలంటే ఆకారం తెలియాలి, ఆ ఆకారాన్ని చదును పటం ఇవ్వలేదు. పైనుంచి చూస్తే గోపురం ఒక చిన్న చతురస్రం. పెద్దమ్మకు కావలసింది ఒక్క గుర్తు, అది దొరికింది. గోపురం లేకపోతే ముగ్గురం ఆ బోర్డు ముందే ఉండేవాళ్లం.

బోర్డు తిరగబడి ఉండటం మాత్రం చిన్న విషయం కాదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్‌లర్ 1971లో ఒక ప్రసిద్ధ ప్రయోగం చేశారు. రెండు ఆకారాలు ఒకటేనా కాదా అని అడిగితే, ఒకటి రెండోదానికంటే ఎంత తిరిగి ఉంటే జవాబుకు అంత ఎక్కువసేపు పట్టింది. తిప్పే వేగం సెకనుకు సుమారు 60 డిగ్రీలు. మనసులో బొమ్మను నిజంగానే తిప్పుతున్నట్టు ఆ గ్రాఫు గీతగీసినట్టు వచ్చింది. 1980లలో మార్విన్ లెవిన్ ఇదే విషయాన్ని గోడల మీది పటాలకు పట్టించి చూశాడు. బోర్డు ముందు నిలబడ్డ మనిషికి ఎదురుగా ఉన్నది పటంలో పైన ఉండాలి, లేకపోతే మనుషులు సరిగ్గా వ్యతిరేక దిక్కుకు నడుస్తారు అని తేల్చాడు. నలభై ఏళ్ల కిందటి సంగతి ఇది. మన అపార్ట్‌మెంట్లలో, ఆస్పత్రుల్లో, మాల్స్‌లో ఈ రోజుకీ ఏ గోడ ఖాళీగా ఉంటే ఆ గోడకు మేకు కొడుతున్నారు.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను. బెంగళూరు చదును ఊరు కాదు. సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున, ఉత్తరం నుంచి దక్షిణానికి సాగే ఒక మిట్ట మీద కూర్చుంది. ఆ మిట్టకు పడమర పడ్డ వాన వృషభావతిలోకి, అక్కణ్ణుంచి అర్కావతిలోకి, చివరికి కావేరిలోకి పోతుంది. తూర్పున పడ్డ వాన కొంత హెబ్బాళ లోయలోంచి, కొంత కోరమంగళ–చల్లఘట్ట లోయలోని బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మీదుగా పోయి దక్షిణ పినాకినిలో కలుస్తుంది. ఒకే ఊళ్లో పడ్డ చినుకులు రెండు వేర్వేరు నదులకు పంచుకుపోతాయి. చెరువుల్ని తవ్వినవాళ్లకు ఇది తెలుసు. అందుకే ఒకదాని అలుగు ఇంకోదానిలో పడేలా గొలుసు కట్టుగా తవ్వారు.

ఇప్పుడు ఫోను తెరిచి అదే చోటు చూడండి. మీరు మామూలుగా దారి వెతికే తెరలో నేల పళ్లెంలా ఉంటుంది. ఆ పళ్లెం మీద పెట్టెలు లేచి ఉంటాయి. బెళ్ళందూరు పక్కనున్న ఆఫీసు ఎన్ని అంతస్తులో తెలుస్తుంది, ఆ ఆఫీసు చెరువు కట్టకంటే ఎంత పల్లంలో ఉందో తెలియదు. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు మునిగినప్పుడు సాఫ్ట్‌వేరు ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయారు. నీళ్లు ఎక్కడ నిలిచాయో చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. పాత చెరువుల కాలువలు గీసిన పటం పక్కన పెట్టుకున్నవాళ్లకు ఆశ్చర్యపోవడానికి పెద్దగా ఏమీ లేదు.

2023 మేలో కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో వాన నీళ్లలో కారు మునిగి మన ఆంధ్ర అమ్మాయి, ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల, చనిపోయింది. దానికి కారణాలు చాలా, మ్యాపు ఒక్కదాని మీద నెట్టడం తప్పు. కానీ మామూలు మ్యాపులో ఆ అండర్‌పాస్ కూడా మిగతా రోడ్డులాగే ఒక గీత. పల్లం ఉందని, లోతు ఇంత అని చెప్పే గుర్తు ఏదీ లేదు. మేడలకు ఎత్తు పోయడానికి పెట్టిన శ్రమలో కొంచెం పెట్టి, వాన రోజున అండర్‌పాస్‌ల మీద ఒక ముదురు నీలం మచ్చ, పక్కన లోతు అంకె వేయగలిగితే చాలు. దానికి 3డీ అక్కర్లేదు.

ఫ్లైఓవర్లదీ ఇదే కథ. రాగిగుడ్డ నుంచి సిల్క్ బోర్డు దాకా కట్టిన డబుల్ డెక్కర్ చూడండి. కింద పాత రోడ్డు, దాని మీద ఫ్లైఓవర్ రోడ్డు, ఆ పైన 2025 ఆగస్టు నుంచి నడుస్తున్న ఎల్లో లైన్ మెట్రో. ఒకే చోట మూడు దారులు ఒకదాని నెత్తిన ఒకటి. చదును పటంలో మూడూ ఒకే గీత మీద పడతాయి. ఇక్కడ చదును పటం ఓడిపోతుంది, ఒప్పుకోక తప్పదు. అయితే వాలు మ్యాపు గెలుస్తుందా అంటే అదీ లేదు. ఫోనుకే మనం ఏ అంతస్తులో ఉన్నామో సరిగ్గా తెలియదు గనక. జీపీఎస్ అడ్డంగా చెప్పినంత బాగా నిలువుగా చెప్పలేదు. ఉపగ్రహాలన్నీ మన నెత్తి మీదే ఉంటాయి. కాళ్ల వైపు ఉన్నవాటిని భూమి అడ్డేస్తుంది. నాలుగు దిక్కుల నుంచి కొలిస్తే వచ్చే ఖచ్చితత్వం ఒక్క పైనుంచి కొలిస్తే రాదు. పైగా సిల్క్ బోర్డు దగ్గరున్నంత కాంక్రీటు మధ్య సిగ్నల్ గోడలకు తగిలి తగిలి వస్తుంది. బాణం ఫ్లైఓవర్ మీద ఉందని యాప్ అనుకుంటుంది, మనం కింద సిగ్నల్ దగ్గర హారన్లు వింటూ ఉంటాం.

2024 జూలైలో గూగుల్ మ్యాప్స్ మన దేశంలో 40 నగరాల్లో ఫ్లైఓవర్ వస్తే ముందే చెప్పే సౌకర్యం తెచ్చింది. ఆ సౌకర్యం ఎలా ఉందో గమనించారా? ఫ్లైఓవర్ ఎక్కాలని రాత, ఒక గుర్తు. అంతే. ఏళ్ల తరబడి జనం మొత్తుకున్న మూడో కొలతకు దొరికిన మందు ఒక చిన్న వాక్యం. నా వాదనకు ఇంతకంటే సాక్ష్యం నేను వెతకలేను. మ్యాపుల్స్ అనే మన దేశపు మ్యాపు యాప్ వాళ్లు ఇంకో దారి పట్టారు. పెద్ద జంక్షన్ దగ్గరికి రాగానే ఏ కొమ్మ ఎక్కాలో, ఏది కిందికి దిగుతుందో 3డీ బొమ్మ చూపిస్తారు. జంక్షన్ దాటగానే బొమ్మ పోతుంది. ఇది నాకు నచ్చింది. మనిషికి ఆ ఒక్క చోట ఆకారం కావాలి, ఆ కాసేపు ఇచ్చారు. పెద్దమ్మ గోపురం లాంటిదే ఇదీ.

చదును కాగితం మీద ఎత్తు చెప్పడం కుదరదు అనేవాళ్లకు రెండున్నర శతాబ్దాల కిందటే జవాబు దొరికింది. స్కాట్లాండులో షిహాలియన్ అనే కొండ ఆకర్షణ శక్తిని బట్టి భూమి బరువు తేల్చే ప్రయోగం 1774లో మొదలైంది. ఆ లెక్కలు కట్టే పని చార్ల్స్ హట్టన్ అనే గణితజ్ఞుడి మీద పడింది. కొండ మీద వందల చోట్ల కొలిచిన ఎత్తుల అంకెలు కాగితం నిండా చెల్లాచెదురుగా ఉన్నాయి. ఒకే ఎత్తున్న చుక్కలన్నిటినీ కలుపుతూ గీత గీశాడు. కొండ ఆకారం కాగితం మీదికి వచ్చేసింది. ఇప్పుడు మన సర్వే ఆఫ్ ఇండియా వేసే టోపోషీటు, అంటే ఎత్తుపల్లాల పటం, మీద గోధుమరంగు గీతలు చూస్తే అవే. వాటినే కాంటూరు గీతలంటారు. మన దగ్గర 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం ల్యాంబ్టన్ అనే సర్వేయరు కొలిచిన ఆధార రేఖతో మొదలైన సర్వే, అతని తర్వాతి తరంలో హిమాలయాల దాకా పోయి, 1856లో ఎవరెస్టుకు 29,002 అడుగులని అంకె వేసింది. ప్రపంచంలోకెల్లా ఎత్తైన కొండను ఒక చుక్క పక్కన ఒక అంకెగా రాశారు, ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

కాంటూరు గీతలు చదవడం నేర్చుకోవాలి, నిజమే. గీతలు దగ్గరగా ఉంటే ఏటవాలు ఎక్కువ, దూరంగా ఉంటే మెల్లగా ఎక్కుతుంది. ఇంతకుమించి మొదటిరోజు నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు. స్కూల్లో భూగోళం మాస్టారు ఇది చెప్పే ఉంటారు, పరీక్షకు రాదని మనం వదిలేసి ఉంటాం.

గీతల మధ్య ఎంత ఎత్తు తేడా పెట్టారన్నదాని మీద చాలా ఆధారపడి ఉంటుందన్నది ఇంకో సంగతి. మన ఒకటికి 50 వేల స్కేలు టోపోషీట్లలో మామూలుగా గీతకూ గీతకూ 20 మీటర్లు. ఆ లెక్కన చెన్నైలో ఎక్కువ భాగం ఒక్క గీత కూడా లేకుండా ఖాళీగా ఉంటుంది. 2015 డిసెంబరులో అదే చెన్నైలో మీటరు తేడా ఎవరి ఇల్లు మునుగుతుందో, ఎవరిది మునగదో నిర్ణయించింది. చదును పటమైనా చాలీచాలని కొలతలతో గీస్తే గుడ్డిదే. ఈ కొలతలు దొరక్క కాదు. 2005 మేలో ఇస్రో పంపిన కార్టోశాట్-1కు రెండు కెమెరాలున్నాయి, ఒకటి కాస్త ముందుకు, ఒకటి కాస్త వెనక్కి చూస్తూ. మన రెండు కళ్లు చేసే పనే అది. దాన్నుంచి దేశమంతటి నేల ఎత్తుల నమూనా తయారైంది. పేట స్థాయిలో వరద చూడాలంటే అంతకంటే సన్నటి కొలతలు కావాలి, వాటికి ఇంకా వేరే పద్ధతులున్నాయి. నా బాధల్లా ఆ ఎత్తులు సంపాదించాక వాటితో కొండలు ఎగిరే వీడియోలు చేస్తారు, పేట పటంలో మాత్రం అంకె పెట్టరు.

నీడ గురించి ఒక్క మాట, ఇది మా వృత్తిలోవాళ్లు తప్ప ఎవరూ పట్టించుకోరు. ఎగుడుదిగుళ్లు చూపడానికి పటంలో నీడలు వేస్తారు. వెలుగు పైన ఎడమవైపు నుంచి, అంటే వాయవ్యం నుంచి, వస్తున్నట్టు వేస్తారు. మన కన్ను వెలుగు పైనుంచి వస్తుందనే అనుకుంటుంది కాబట్టి. నిజంగా మన నేల మీద సూర్యుడు వాయవ్యంలోంచి పొద్దున్నే వెలిగే ప్రశ్నే లేదు. ఉపగ్రహం చాలావరకు ఉదయం పూట ఫొటో తీస్తుంది, ఏడాదిలో ఎక్కువ నెలలు అప్పుడు సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు. నీడలు తిరగబడి పడతాయి. ఆ చిత్రం తెరిచి బెంగళూరు దగ్గరి సావనదుర్గ కొండ చూస్తే, అంత పెద్ద ఏకశిల ఒక గొయ్యిలాగా కనబడవచ్చు. తల తిప్పినా మనసు ఒప్పుకోదు, చిత్రాన్నే తలకిందులు చేస్తే గానీ కొండ లేవదు. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. ఆ నెలల్లో నీడలు దక్షిణానికి పడతాయి, అప్పుడు తీసిన చిత్రంలో అదే కొండ కొండలాగే ఉంటుంది. నిజమైన ఫొటోయే నెలనుబట్టి మాట మారుస్తుంటే, నిజంలా ఉందన్న ఒక్క కారణంతో ఏ బొమ్మను నమ్మాలి?

చదును పటాలన్నీ సత్యహరిశ్చంద్రులని నేననను. మెట్రో స్టేషన్లో గోడకున్న పటం చూడండి. నిటారు గీతలు, సమానంగా పేర్చిన చుక్కలు. 1933లో లండన్‌లో అచ్చయిన హ్యారీ బెక్ భూగర్భ రైలు పటం నుంచి ప్రపంచమంతా అదే ఒరవడి. దూరాలు అందులో అబద్ధం. ఝాన్ గువో అనే పరిశోధకుడు లండన్ ప్రయాణికుల మీద 2011లో ప్రచురించిన పనిలో, దారి ఎంచుకోవడంలో అసలు పట్టే సమయం కంటే పటంలో కనబడే దూరానికి దాదాపు రెట్టింపు బలం ఉందని తేలింది. మెజెస్టిక్‌లో పర్పుల్, గ్రీన్ లైన్లు కలిసే చోట పటంలో ఒక గుండ్రటి చుక్క ఉంటుంది. నిజంగా అక్కడ మెట్లు, ఎస్కలేటర్లు, మళ్లీ మెట్లు. అలాంటి చోట స్టేషన్‌ను కోసి లోపలి అంతస్తులు చూపించే పక్కవాటు బొమ్మే పెట్టాలి. చదును ప్లానులు మూడు పక్కపక్కన పెడితే ఎవరికీ ఎక్కవు.

నడిచేటప్పుడు నీలం బాణాన్ని నమ్ముకోవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వాలు మ్యాపుకూ దానికీ చుట్టరికం ఉంది. జపాన్‌లో టోరు ఇషికావా బృందం 2008లో ఒక పోలిక చూసింది. కొందరికి జీపీఎస్ పరికరం, కొందరికి కాగితపు పటం ఇచ్చారు, ఇంకొందరిని చేయిపట్టుకుని దారి ఒకసారి చూపించి వదిలారు. జీపీఎస్ పట్టుకున్నవాళ్లు ఎక్కువ దూరం నడిచారు, ఎక్కువసార్లు ఆగారు, తర్వాత ఆ దారి గీయమంటే ముందే ఒకసారి దారి చూసినవాళ్లకంటే అధ్వాన్నంగా గీశారు. మన మనిషి ఎటు తిరిగితే మ్యాపూ అటు తిరుగుతూ, ఎదర నాలుగు వందల మీటర్లు మాత్రమే చూపిస్తుంటే ఊరు మనసులో కుదురుకునే వీలే లేదు. ఈ ఊళ్లో చాన్నాళ్లుగా ఉన్న నా స్నేహితుల్లో కొందరికి మెజెస్టిక్ నుంచి వైట్‌ఫీల్డ్ ఏ దిక్కో చెప్పడం రాదు. ఇంట్లో పూజగది ఏ మూలనో అడిగితే ఠక్కున ఈశాన్యం అంటారు. దిక్కులు తెలియనివాళ్లు కారు వాళ్లు.

ఇంతా విని “అయితే ఏం చేయమంటావు” అని అడిగేవాళ్లకు: గూగుల్ మ్యాప్స్‌లో రెండు వేళ్లు పెట్టి నిలువుగా లాగితే వాలు పోతుంది. దిక్సూచి గుర్తు మీద నొక్కితే ఉత్తరం పైకి వస్తుంది. బయల్దేరే ముందు దారి మొత్తాన్ని ఒకసారి ఇలా చూసుకోండి. బండి నడుపుతున్నప్పుడు తిరిగే మ్యాపే పెట్టుకోండి, అప్పుడు కుడీ ఎడమా తేలిగ్గా తెలియాలి, నాకు దాంతో పేచీ లేదు. కొత్త చోట ఇల్లు వెతికేటప్పుడు, చుట్టుపక్కల సందులు చూసుకునేటప్పుడు, స్థలం కొనేటప్పుడు మాత్రం మేడలన్నీ పడగొట్టి నేల చూడండి. స్థలం కొనేవాళ్లు టోపోషీటు కూడా చూడండి. రియల్ ఎస్టేటువాళ్లు చూపించే డ్రోన్ వీడియోలో చెరువు వ్యూ బ్రహ్మాండంగా ఉంటుంది, చెరువు నిండితే నీళ్లు ఎటు పోతాయో ఉండదు.

మా అపార్ట్‌మెంటులో పోయిన వానలకు బేస్‌మెంటులోకి నీళ్లొచ్చాయి. అసోసియేషన్ వాళ్లు ఒక సర్వేయర్‌ను పిలిపించారు. ఆటో లెవెల్ అనే ఎత్తులు కొలిచే దుర్భిణిని ముక్కాలిపీట మీద నిలబెట్టి, స్టాఫ్ కర్ర పట్టుకున్న కుర్రాణ్ణి అటూ ఇటూ తిప్పి ఒక పూటలో కొలిచేశాడు. వచ్చింది ఒక చదును ప్లాను, దాని నిండా ఏ చోటు ఎంత ఎత్తో చెప్పే చిన్న చిన్న అంకెలు. మీటింగులో ట్రెజరర్ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి “ఇంత డబ్బు తీసుకున్నాడు, 3డీలో చేసి ఇవ్వొచ్చు గదా, అందరికీ అర్థమయ్యేది” అన్నారు. ఎదురు ఫ్లాటు రెడ్డిగారు ఆ కాగితం తీసుకుని రెండు చోట్ల పెన్నుతో సున్నా చుట్టారు. ర్యాంపు మొదలు దగ్గర ఉన్న అంకె కంటే బయటి కాలువ అడుగు దగ్గరి అంకె 45 సెంటీమీటర్లు ఎక్కువ. కాలువ నిండకముందే నీళ్లు మా ఇంట్లోకి రావాలన్నమాట, వచ్చాయి. ర్యాంపు దగ్గర గట్టు ఎత్తించడానికి మేస్త్రి వచ్చి కొలతలు తీసుకుపోయాడు. 3డీకి కొటేషన్ తెప్పిస్తామని ట్రెజరర్ గారు ఇంకా అంటూనే ఉన్నారు.